తల్లిని చూడకుండా పిల్లిపిల్లను కొనవద్దు

తల్లిని చూసి పిల్లను చేసుకోవాలి, పాడిని చూసి బర్రెను కొనాలి అని మన పెద్దలు ఊరకే అనలేదు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో గేదెను కొనే రైతు ఈనాటికీ రెండు పూటలు పాలు పితికించి చూస్తాడు. ఎన్నో ఈత అని అడుగుతాడు. పొదుగు తడిమి చూస్తాడు. ఒంగోలు గిత్తను కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, ఏ ఊరి ఆవు కన్నదో ఆరా తీస్తాడు. అలాంటి రైతు మనుమడు విజయవాడలో నాలుగో అంతస్తు ఫ్లాటులో కూర్చుని, సెల్‌ఫోనులో రెండు ఫొటోలు చూసి, ముక్కూ మొహం తెలియని మనిషి ఖాతాలోకి పన్నెండు వేల రూపాయలు పంపి, మర్నాడు తెల్లవారుజామున బస్సులో దిగే అట్టపెట్టె కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ పెట్టెలో ఉండేది జాతి పిల్లిపిల్ల.

పిల్లులను పెంచుకోవద్దని చెప్పడానికి కాదు ఈ నాలుగు మాటలూ రాయడం. పెంచుకోవలసిందే. ఇంట్లో ఒక ప్రాణి తిరుగుతూ ఉంటే పిల్లలకు దయ అలవడుతుంది, ముసలివారికి తోడు దొరుకుతుంది. కానీ ఎవరి దగ్గర కొంటున్నామో చూసుకోకుండా కొంటే మన డబ్బుతో మనమే ఒక పాపపు వ్యాపారాన్ని పోషించినవారం అవుతాము. ఈ సంగతి మా వీధిలోనే జరిగిన ఒక ఉదంతంతో నాకు బోధపడింది.

రెండేళ్ల క్రిందట మా పక్కింటి మాస్టారు మనుమరాలి పుట్టినరోజుకు తెల్లని పెర్షియన్ పిల్లిపిల్లను తెప్పించారు. అమ్మినవాడు నలభై అయిదు రోజుల పిల్ల అన్నాడు. టీకాలు అన్నీ వేయించానని ఒక కార్డు కూడా పంపాడు. రాత్రంతా బస్సు సామాన్ల అరలో ప్రయాణం చేసి వచ్చిన ఆ కూన మొదటి రోజు కాస్త ఆడింది. మూడో రోజున తిండి మానేసింది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అయిదో రోజు తెల్లవారేసరికి ప్రాణం పోయింది. అది పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి అని పశువుల డాక్టరు చెప్పారు. ఆ క్రిమి ఒంట్లో ప్రవేశించాక సాధారణంగా రెండు నుంచి పది రోజుల్లో జబ్బు బయటపడుతుంది. వచ్చిన మూడో రోజునే పడిపోయిందంటే జబ్బును వెంటబెట్టుకునే వచ్చి ఉంటుందని ఆయన అభిప్రాయం.

మాస్టారు ఫోను చేస్తే అమ్మినవాడు ఏమన్నాడో తెలుసా? "మీరు సరిగా చూసుకోలేదు సార్. పోనీలెండి, ఇంకో పిల్లను సగం ధరకు పంపిస్తాను." మాస్టారు దాదాపు ఒప్పుకున్నారు. డాక్టరుగారే అడ్డుపడ్డారు. ఈ క్రిమి ఇంట్లో నేల మీద, గిన్నెల మీద, గుడ్డల మీద నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది వరకూ బతికి ఉంటుంది. మామూలు సబ్బునీళ్లకు చావదు, బ్లీచింగు నీళ్లతో కడగాలి. టీకాలు పూర్తికాని మరో కూనను అదే ఇంటికి తెస్తే దానికీ అదే గతి పట్టవచ్చు. అమ్మినవాడికి ఈ సంగతి తెలియకపోతే అది అజ్ఞానం, తెలిసీ పంపుతానన్నాడంటే అది దుర్మార్గం. ఎటు చూసినా అలాంటి మనిషి దగ్గర ప్రాణిని కొనకూడదు.

నలభై అయిదు రోజుల లెక్క

మన ఊళ్లలో అమ్మే పిల్లిపిల్లల్లో చాలావాటికి చెప్పే వయస్సు ఇదే, నలభై అయిదు రోజులు. పిల్ల ఎంత చిన్నగా ఉంటే అంత ముద్దు, అమ్మేవాడికి తిండి ఖర్చు అంత తక్కువ. తల్లి పాలు మాన్పిస్తే అది తొందరగా మళ్లీ కట్టు నిలుస్తుంది. పిల్లి కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే కాబట్టి ఏడాదికి రెండు మూడు ఈతలు తీయవచ్చు. ఈ లెక్కలో లాభం అమ్మేవాడిది, నష్టం తల్లిపిల్లిది, దాని కూనలది, చివరకు కొన్నవారిది.

తల్లి పాల ద్వారా వచ్చిన రోగనిరోధక శక్తి కూనలో నెమ్మదిగా తగ్గిపోతూ ఉంటుంది. అది ఉన్నంత కాలం టీకా సరిగా పట్టదు. ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేము కనుకనే ఆరు, ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున, పదహారు వారాలు నిండే వరకూ టీకాలు వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు గాని వేయరు. కనుక నలభై అయిదు రోజుల పిల్లకు అన్ని టీకాలు అయిపోయాయన్న మాట ఎవరి నోట వచ్చినా అబద్ధమే. టీకా నిజంగా వేసి ఉంటే కార్డు మీద మందు సీసాకు ఉండే చిన్న చీటీ అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకం చేస్తారు. మాస్టారికి వచ్చిన కార్డు మీద టిక్కులు తప్ప చీటీ లేదు, సంతకం లేదు.

వయస్సు విషయంలో టీకాలతోనే తీరిపోదు. గోళ్లు లోపలికి ముడవడం, మెల్లగా కరవడం, మట్టితొట్టిలో దొడ్డికి వెళ్లడం కూన నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య. ముందే విడదీసిన పిల్ల పెద్దయ్యాక కరుస్తుంది, రక్కుతుంది, భయంతో మంచం కింద దూరుతుంది. "పెంకి పిల్లి" అని అప్పుడు దాన్ని వీధిలో వదిలేస్తారు. బ్రిటన్‌లో 1910లో ఏర్పడిన పిల్లుల నమోదు సంస్థ పదమూడు వారాలు నిండనిదే కూనను కొత్త ఇంటికి పంపవద్దంటుంది. మన దగ్గర ఆ పాటి ఓపిక పట్టే పెంపకందారు కనబడితే ఆయన సగం పరీక్ష నెగ్గినట్లే.

తల్లిని చూపించమనండి

మిగిలిన సగం పరీక్షకు ఒకే మాట చాలు. "తల్లిని చూడాలి, మీ ఇంటికి వస్తాము" అనండి. మంచి పెంపకందారు సంతోషిస్తాడు. చెడ్డవాడు వంద కారణాలు చెబుతాడు. తల్లి ఊళ్లో లేదంటాడు, స్నేహితుడి దగ్గర ఉందంటాడు, బస్టాండు దగ్గరకే పిల్లను తెస్తానంటాడు. అక్కడే బేరం మానుకోండి.

వెళ్లాక ఏమి చూడాలి? తల్లి ఒంటి మీద కండ ఉందా, లేక వరుస ఈతలతో ఎముకలు తేలిందా? ఇంట్లో మనుషుల మధ్య తిరుగుతోందా, లేక మేడ మీద ఇనుప బోనులో ఉందా? ముక్కుకు అమోనియా వాసన ఘాటుగా కొడుతోందా? కూనల కళ్లలో పుసి ఉందా, తుమ్ముతున్నాయా? బొచ్చు మధ్య గుండ్రటి మచ్చలు ఉన్నాయా? పొడుగు బొచ్చు పిల్లులకు తామర ఎక్కువగా వస్తుంది, అది మనుషులకూ అంటుతుంది, ముందు అంటేది ఒళ్లో పడుకోబెట్టుకున్న పిల్లలకే. ఇంట్లో అయిదారు జాతుల పిల్లులు, కుక్కలు, చిలకలు అన్నీ కలిపి అమ్మకానికి ఉన్నాయంటే అది ఇల్లు కాదు, గోదాము. పిల్లుల మీద ప్రేమ ఉన్నవాడు సాధారణంగా ఒకటి రెండు జాతులే పెంచుతాడు, వాటి గురించి అడిగితే గంటసేపు చెబుతాడు.

కాగితం కులగోత్రాలే చెబుతుంది

జాతి పిల్లికి వంశావళి పత్రం ఉండాలి. అమెరికాలో 1906లో, బ్రిటన్‌లో 1910లో ఏర్పడిన సంస్థల వంటివి పిల్లుల వంశాలను నమోదు చేసి, తాత ముత్తాతల పేర్లతో పత్రాలు ఇస్తున్నాయి. మన దేశంలోనూ అంతర్జాతీయ సంస్థల్లో తమ పిల్లులను నమోదు చేయించుకునే పెంపకందారులు ఉన్నారు. ఆ కాగితం లేకపోతే మీరు కొన్నది పొడుగు బొచ్చు పిల్లే తప్ప పెర్షియన్ అని రుజువు లేదు. "డాల్ ఫేస్", "సెమీ పంచ్", "పంచ్ ఫేస్", "ట్రిపుల్ కోట్" అనేవి ధర పెంచడానికి బేరగాళ్లు వాడే మాటలు. వాటిని బట్టి వంశమూ తెలియదు, ఆరోగ్యమూ తెలియదు.

అయితే కాగితం ఉన్నంత మాత్రాన మోసపోమని కాదు. జాతకాలు కలిసినంత మాత్రాన పెళ్లికొడుకు ఆరోగ్యవంతుడని చెప్పలేము గదా. వంశావళి కులగోత్రాలు చెబుతుంది, ఒంట్లో ఉన్న రోగం చెప్పదు. పైగా తల్లి వైపూ తండ్రి వైపూ అవే పేర్లు మళ్లీ మళ్లీ కనబడుతుంటే మేనరికాలు మితిమీరాయని గ్రహించాలి. మేనరికాల వల్ల వచ్చే చిక్కులు మన వారికి వేరే చెప్పనక్కరలేదు.

పెర్షియన్ పిల్లుల్లో మూత్రపిండాల్లో నీటి బుడగలు పుట్టే వంశపారంపర్య వ్యాధి ఒకటి ఉన్నది. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కదానికి ఈ లోపం ఉన్నా పుట్టే పిల్లల్లో సగటున సగానికి వస్తుంది. బుడగలు పుట్టుకతోనే చిన్నవిగా ఉండి ఏళ్ల తరబడి పెరుగుతాయి. చాలా పిల్లుల్లో నడివయస్సు వచ్చేదాకా జబ్బు పైకి కనబడదు. ఈలోగా ఆ పిల్లి ఎన్ని ఈతలు ఈనిందో, ఎన్ని ఇళ్లకు ఆ రోగం చేరిందో! ఈ వ్యాధికి కారణమైన జన్యులోపాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రజ్ఞులు 2004లో గుర్తించారు. అప్పటి నుంచి బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతోనే పరీక్ష చేయడం సాధ్యమైంది. పది నెలలు దాటిన పిల్లికి స్కానింగు చేసినా తెలుస్తుంది. కనుక పెర్షియన్ పిల్లను అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న "ముక్కు ఎంత చప్పిడిగా ఉంది?" అని కాదు, "తల్లికీ తండ్రికీ మూత్రపిండాల పరీక్ష చేయించారా? కాగితం చూపించండి" అని.

మెయిన్ కూన్ అనే పెద్ద పిల్లుల జాతికి గుండె కండరం మందమయ్యే జబ్బు ఉన్నది. దానికి సంబంధించిన ఒక జన్యులోపాన్ని 2005లో కనుగొన్నారు. ఆ పరీక్షతో పాటు గుండె స్కానింగు కూడా చేయించే పెంపకందారు దగ్గరే ఆ జాతిని కొనాలి. ఇక చెవులు ముందుకు మడిచి గుడ్లగూబలా కనిపించే స్కాటిష్ ఫోల్డ్ సంగతి వేరు. 1961లో స్కాట్లండులో ఒక పొలంలో దొరికిన పిల్లితో మొదలైన జాతి అది. చెవి మడత పడేది మృదులాస్థి లోపం వల్ల. ఆ లోపం చెవులతో ఆగదు, కాళ్ల కీళ్లకూ తోకకూ పాకి నడవడానికి నొప్పి తెస్తుంది. బ్రిటన్ సంస్థ 1970 దశకంలోనే ఆ జాతిని నమోదు చేయడం మానుకున్నది. మడిచిన చెవుల పిల్లి అవసరమైతే ఎంత మంచి పెంపకందారు ఉన్నా ఫలితం లేదు, ఆ కోరికే మానుకోవాలి.

చప్పిడి ముక్కు విషయంలోనూ మన వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. మొహం మరీ అణిగిపోయిన పిల్లికి ఊపిరి సరిగా ఆడదు, కంటినీరు కారుతూ ఉంటుంది, పళ్లు సరిగా కుదరవు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు మనుషులే సొమ్మసిల్లుతుంటే పొడుగు బొచ్చు, మూసుకుపోయిన ముక్కు ఉన్న ప్రాణి గతి ఏమిటి? పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే అది ప్రమాద సూచన. ఈ ఎండలకు తట్టుకునేలా కాస్త ముక్కు ఉన్న పిల్లిని ఎంచుకోమని చెప్పేవాడు మంచి పెంపకందారు.

ఆయన మిమ్మల్ని అడుగుతాడు

మంచి పెంపకందారుకు మరో గుర్తు ఉన్నది. మీరు అడిగే ప్రశ్నలకంటే ఆయన అడిగేవి ఎక్కువ. మాస్టారు రెండోసారి తొందరపడలేదు. ఇల్లంతా శుభ్రం చేయించి, చాలా నెలలు ఆగి, హైదరాబాదులో ఒక గృహిణి జాగ్రత్తగా పిల్లులను పెంచుతారని తెలిసి ఫోను చేశారు. ఆవిడ ధర చెప్పలేదు. "మీది ఎన్నో అంతస్తు మాస్టారూ? బాల్కనీకి వల ఉన్నదా? వేసవి సెలవుల్లో ఊరు వెళితే ఎవరు చూస్తారు? మీరు శాకాహారులా? పిల్లికి పెరుగన్నం పెట్టి ఊరుకోరు గదా?" అని వరుసగా అడిగారు. మాస్టారికి కోపం వచ్చింది. "మా అమ్మాయి పెళ్లికి వియ్యాలవారు కూడా ఇన్ని అడగలేదు" అని నాతో అన్నారు.

కానీ ఆ ప్రశ్నల్లో ప్రతిదానికీ అర్థం ఉన్నది. పై అంతస్తుల నుంచి పడిపోయే పిల్లులు తక్కువేమీ కాదు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. దానికి అవసరమైన టారిన్ అనే పదార్థం పాలలో, అన్నంలో చాలినంత దొరకదు, అది లోపిస్తే కళ్లూ గుండే దెబ్బతింటాయి. మాస్టారి ఇంట్లో మాంసం వండరు కనుక తయారు తిండి కొనిపెడతామని మాట ఇచ్చాకే ఆవిడ ఒప్పుకున్నారు. కూనలు పుట్టాక పదమూడు వారాలు ఆగమన్నారు. ఇంటికి పిలిచి తల్లిని చూపించారు, పరీక్షల కాగితాలు చూపించారు. ఎదిగిన తరువాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని, ఎప్పుడైనా పెంచలేకపోతే వీధిలో వదలకుండా తనకే తిరిగి ఇవ్వాలని కాగితం రాయించుకున్నారు. ధర మొదటి పిల్లకు రెట్టింపు దాటింది. మొదటిసారి పన్నెండు వేలు, దాని మీద వైద్యం ఖర్చు, మనుమరాలి ఏడుపు కలుపుకుంటే ఏది చవకో మాస్టారే లెక్క చెబుతారు. ఆ పిల్లి ఇప్పుడు మా గోడ మీద ఎండ కాగుతున్నది.

చట్టం ఉన్నది, అడిగేవారు లేరు

పెంపుడు జంతువుల దుకాణాల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేయించుకోవాలి. ఇంటర్‌నెట్టులో అమ్మే వేదికలు కూడా దుకాణం కిందికే వస్తాయి. కుక్కల పెంపకందారుల కోసం 2017లో వేరే నిబంధనలు వచ్చాయి గాని అవి కుక్కల వరకే. బస్సులో, రైల్లో పిల్లిని పంపాలంటే ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నదని, అంటురోగం లేదని పశువైద్యుడి ధ్రువపత్రం వెంట ఉండాలని 1978 నాటి జంతు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. తెల్లవారుజామున మన బస్టాండుల్లో దిగే ఎన్ని అట్టపెట్టెల వెంట ఆ పత్రం ఉంటున్నది? అడిగే నాథుడు ఉంటే గదా!

నగరపాలక సంస్థ, పశుసంవర్ధక శాఖ అధికారులు అమ్మకాల చోట్లను అప్పుడప్పుడైనా తనిఖీ చేయాలి. బస్సుల యజమానులు ధ్రువపత్రం లేనిదే ప్రాణులను పార్సిలుగా తీసుకోరాదు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది. జాతి పిల్లిని కొనేముందు అడగవలసిన పది ప్రశ్నలను తెలుగులో అచ్చువేసి ప్రతి పశువుల ఆసుపత్రి గోడకూ అంటిస్తే అయ్యే ఖర్చు ఏపాటి?

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. మన ఊళ్లలో పిల్లిపిల్లలను అమ్మేవారందరూ దుర్మార్గులు కారు. ఒక జత పిల్లులను పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకునే గృహిణులు, విద్యార్థులు చాలామంది ఉన్నారు. పరీక్షలు ఉన్నాయని వారిలో కొందరికి తెలియదు. తెలిసినా కొనేవాడు అడగనప్పుడు ఖర్చు ఎందుకని ఊరుకుంటారు. అధికారుల కంటే ముందు వీరిని మార్చగలిగింది కొనేవారే. పదిమంది వచ్చి "పరీక్ష కాగితం ఏది? తల్లి ఏది?" అని అడిగి, లేకపోతే వెనక్కి వెళ్లిపోతే పదకొండోవాడు వచ్చేసరికి కాగితం తయారుగా ఉంటుంది. పదిమందీ ఫొటో చూసి డబ్బు పంపితే పదకొండోవాడికీ ఫొటోయే దొరుకుతుంది.

అంత ఓపిక, అంత డబ్బు లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మన పెరటి గోడల మీద తిరిగే నాటు పిల్లి ఈ ఎండలకు పుట్టిన ప్రాణి. దాని కూనను తెచ్చుకుని టీకాలు వేయిస్తే ఏ జాతి పిల్లికీ తీసిపోదు. కానీ జాతి పిల్లే కావాలనుకుంటే మాత్రం ఫోను పక్కన పెట్టి బస్సెక్కండి. వెళ్లి తల్లిని చూడండి. గేదె విషయంలో తాత చేసిన పని పిల్లి విషయంలో మనుమడు చేయడానికి నామోషీ ఎందుకు?